ఎవరూ ఎత్తుకోకుండా లోపలికి



వైశాఖ శుద్ధ దశమి దగ్గర పడిందంటే బ్రహ్మంగారిమఠం దారులన్నీ జనంతో నిండిపోతాయి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సజీవ సమాధిలోకి వెళ్ళిన తిథి అది. మైదుకూరు వైపు నుంచి, బద్వేలు వైపు నుంచి బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు. కుటుంబాలకు కుటుంబాలే కదిలి వస్తాయి. ఆ కుటుంబాల్లో పోలియోతో కాలు పోయిన తమ్ముడుంటాడు, పక్షవాతం వచ్చిన నాయనుంటాడు, చూపు లేని అత్త ఉంటుంది. మన కడప జిల్లాలో ఏ క్షేత్రానికైనా తిరనాళ్ళ రోజున పోయి చూడండి. చెప్పులు విడిచేచోట, సంచుల పక్కన, ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు కూర్చుని ఉంటారు. "మీరు పోయి రాండి నాయనా, నేనీడ సామాన్లు చూసుకుంటా" అంటారు. ఇంట్లోవాళ్ళు రెండు మాటలు బతిమాలి చూసి లోపలికి పోతారు, వచ్చేటప్పుడు ప్రసాదం తెచ్చి చేతిలో పెడతారు. అంత దూరం వచ్చిన మనిషికి దర్శనం కాలేదు. పూజారి ఆపలేదు, కులం ఆపలేదు. మెట్లు ఆపాయి.

ముస్లిం అయిన దూదేకుల సిద్ధయ్యను, దళితుడైన కక్కయ్యను శిష్యులుగా చేరదీసిన స్వామి వెలసిన ఊరు ఇది. ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు రాకూడదు అన్న ప్రశ్నను మూడు వందల ఏళ్ళ కిందటే ఎదిరించిన నేల. అందుకే ఈ మాట ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. నేను మాట్లాడేది కొత్తగా కట్టబోయే భవనాల గురించి కాదు. ఇప్పటికే కట్టి ఉన్నవాటి గురించి. గుడి, సత్రం, బ్యాంకు, ఆసుపత్రి, సినిమా హాలు, బడి. చివరికి మనం కాపురముండే ఇల్లు.

"పాత కట్టడం కదా, ఇప్పుడేం చేస్తాం?" ఈ మాట మనకు అలవాటైపోయింది. కట్టినప్పుడు అలాంటి నియమం లేదు కాబట్టి ఇప్పుడూ వర్తించదని చాలామంది నిజంగానే నమ్ముతారు. చట్టం అలా చెప్పడం లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 44వ సెక్షన్ కొత్త భవనాలది: ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. దాని పక్కనే 45వ సెక్షన్ ఉంది. అది పాత భవనాలది. నియమాలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్ళలోపల, ఉన్న ప్రజా భవనాలన్నిటినీ దివ్యాంగులు వాడుకునేలా మార్చాలని అది చెబుతుంది. ఆ నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే ఆ అయిదేళ్ళ గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది.

ప్రజా భవనం అంటే ప్రభుత్వ ఆఫీసు ఒక్కటే అనుకోకండి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా పదిమందీ వచ్చిపోయే భవనమైతే చాలు. చదువు చెప్పేవి, వైద్యం చేసేవి, వ్యాపారం జరిగేవి, కోర్టులు, బస్టాండ్లు, వీటితోపాటు మతసంబంధమైనవి కూడా ఆ నిర్వచనంలో స్పష్టంగా రాసి ఉన్నాయి. గుడి, మసీదు, చర్చి, మఠం, దర్గా అన్నీ అందులోకి వస్తాయి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో షాపులూ వస్తాయి, జమ్మలమడుగులో ప్రైవేటు క్లినిక్కూ వస్తుంది, పులివెందులలో కల్యాణ మండపమూ వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రులు, బడులు, రైల్వే స్టేషన్లు, బస్‌స్టాపులు వంటి అత్యవసరమైన చోట్లకు మొదటి వరస ఇస్తూ ప్రభుత్వం ప్రణాళిక వేసి ప్రకటించాలని కూడా అదే సెక్షన్ అంటుంది. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

మరి ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు జరగలేదు? ఒక కారణాన్ని సుప్రీంకోర్టే తేల్చి చెప్పింది. రాజీవ్ రతూరి అనే చూపు లేని వ్యక్తి 2005లో వేసిన కేసు అది. ఏళ్ళ తరబడి సాగింది. పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. వాళ్ళు నివేదిక ఇచ్చాక, 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టం 'చేసి తీరాలి' అంటోంది, దాని కింద రాసుకున్న నియమమేమో 'ఇలా చేస్తే మంచిది' అనే సలహాల పుస్తకాల వైపు చూపిస్తోంది, ఈ రెండూ పొసగవు అని కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. రాజీ పడటానికి వీల్లేని కనీస ప్రమాణాలు ఇవీ అని విడదీసి, మూడు నెలల్లో కొత్త నియమాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. తీర్పులో నాకు బాగా నచ్చింది ఈ విడదీయడమే. అన్నీ ఒకేసారి చెయ్యలేమన్న సాకుతో ఏదీ చెయ్యకుండా ఉండిపోవడం మనకు తెలుసు. ఇవి మాత్రం తప్పవు అని గీత గీస్తే ఆ సాకు నిలవదు.

రెండో కారణం కోర్టు తీర్పులో దొరకదు. అది మన మంచితనంలో ఉంది. మన సీమలో సాయానికి కొదవ లేదు. చక్రాల కుర్చీ మెట్ల దగ్గర ఆగిందంటే నలుగురు పరుగెత్తుకొస్తారు. "పట్టండ్రా" అని కుర్చీతో సహా ఎత్తుకుని పోయి లోపల దించుతారు. ఆ గుణాన్ని నేను తక్కువ చెయ్యను, దానివల్లనే ఎందరో బతికి బట్టకట్టారు. కానీ ఎత్తుకోబడే మనిషి వైపు నుంచి ఒక్కసారి చూడండి. ముక్కూమొగం తెలియని మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపుతుంటే, చీర సర్దుకునే వీలు కూడా లేని ఆడమనిషికి ఎలా ఉంటుంది? చాలా కుర్చీల్లో చేతులు ఆనించే పట్టీలు ఊడి వచ్చేలా ఉంటాయి. తెలియనివాళ్ళు అక్కడే పట్టుకుని ఎత్తుతారు. పట్టీ ఊడి చేతికొస్తే మనిషి మెట్ల మీద పడతాడు. ఆ భయం ఒక్కసారి అనుభవిస్తే మళ్ళీ బయటికి రారు. "నేనీడ కూర్చుంటా" అనే మాట అక్కడ పుడుతుంది. ఎత్తుకునే చేతులు సిద్ధంగా ఉన్నంతకాలం, ఈ మెట్ల పక్కన ఒక వాలు కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. దివ్యాంగుడికి కావలసింది దయ చూపే నలుగురు కాదు, ఎవరినీ పిలవకుండా తనంతట తాను పోగలిగే దారి.

సరే, వాలు కడతారు. ఎలా కడతారు? మన ప్రాంతంలోనే ఒక పట్నంలో ఒక బ్యాంకు శాఖ ముందు చూసింది చెబుతాను. పేరు అనవసరం. వీధి నుంచి మూడు మెట్లు, ఒక్కొక్కటి ఏడంగుళాలు. మొత్తం 21 అంగుళాల ఎత్తు. పక్కన ర్యాంపు ఉంది, చిన్న బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా ఉంది. ర్యాంపు పొడవు ఆరడుగులు. ప్రమాణం ఏమిటంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. అంటే 21 అంగుళాలకు 21 అడుగులు. ఆరడుగుల్లో ముగించారంటే అది ర్యాంపు కాదు, జారుడుబండ. చేతులతో చక్రాలు తిప్పుకునే మనిషి దాన్ని ఎక్కలేడు. వెనకనుంచి తోసేవాడు ఉన్నా కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదముంది. దానిమీద నున్నటి గ్రానైటు వేశారు. పట్టుకోవడానికి కడ్డీ లేదు. ర్యాంపు మొదట్లో మూడు మోటారు సైకిళ్ళు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. ఇవన్నీ దాటి పైకి పోయినా, మడత గేటును ఒక మనిషి పక్కకు ఒరిగి దూరేంత సందు మాత్రం వదిలి గొలుసుతో కట్టేశారు. భద్రత కోసమట. తనిఖీ కాగితంలో ఆ శాఖకు ర్యాంపు గడిలో టిక్కు పడి ఉంటుంది. అలాంటి ర్యాంపు లేకుండా ఉంటేనే మేలు. లేదని తెలిస్తే కనీసం అడుగుతాం.

ఇరవైఒక్క అడుగుల జాగా ఎక్కడిది అంటారు. న్యాయమైన ప్రశ్నే. తిన్నగా పోనక్కర్లేదు. పదిన్నర అడుగులు పోయి, మలుపులో కుర్చీ తిరిగేలా అయిదడుగుల చదును వదిలి, మళ్ళీ వెనక్కి తిప్పితే పదహారడుగుల పొడవులో ఇమిడిపోతుంది. వెడల్పు నాలుగడుగులు. రెండు పక్కలా కడ్డీలు, ఒకటి మూడడుగుల ఎత్తులో, దాని కింద రెండున్నర అడుగుల ఎత్తులో ఇంకొకటి. చక్రం అంచు దాటి జారకుండా చిన్న గట్టు. అదీ వీలుకాని ఇరుకు వీధుల్లో పక్క తలుపో వెనక తలుపో చూడొచ్చు. ఆ తలుపు మిగతావాళ్ళకు తెరిచినంత సేపూ తెరిచి ఉండాలి, చెత్తడబ్బాల మధ్య నుంచి కాకూడదు. మేడ మీద ఆఫీసు ఉండి లిఫ్టు పెట్టే స్తోమత లేకపోతే, ఆ మనిషి పని కింది అంతస్తులో ఒక బల్ల వేసి చేసి పంపవచ్చు. తలకు మించిన భారం కాని సర్దుబాటు ఏదైనా చెయ్యాల్సిందేనని చట్టం అడుగుతుంది. ఆ బల్ల వెయ్యడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

వాలు మీద పరిచే బండ సంగతి కూడా చెప్పాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల నుంచి నాపరాయి దేశమంతా పోతుంది. మన ఇళ్ళూ గుళ్ళూ సత్రాలూ దానితోనే పరుచుకుంటాం. పాలిషు పట్టిన నాపబండ మీద నీళ్ళు పడ్డాయంటే మామూలు మనిషే జారతాడు, చేతికర్ర పట్టుకున్నవాడి సంగతి ఇక చెప్పేదేముంది. గుళ్ళో అభిషేకం నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, నూనె ఎప్పుడూ ఉంటాయి. అదే నాపరాయిని పాలిషు పట్టకుండా, మీద ఉలితో అడ్డగాట్లు పెట్టించి వాలుకు వేస్తే చక్రానికీ పాదానికీ పట్టు దొరుకుతుంది. ఆ బండ మన కాళ్ళ కిందే ఉంది, ఆ ఉలి పని తెలిసినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు.

ఒంటిమిట్ట కోదండరామాలయం, గండికోట లాంటి చారిత్రక కట్టడాల దగ్గర ప్రశ్న వేరు. అక్కడ రాయిని తొలవకూడదు, సిమెంటు పొయ్యకూడదు. అది సరైన నియమమే. కానీ దానికీ దారి ఉంది. 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు, కుతుబ్ మినార్ లాంటి చోట్ల ఆయన కుర్చీ పోవడానికి పురావస్తు శాఖ చెక్క ర్యాంపులు వేసింది. దివ్యాంగుల హక్కుల కోసం పోరాడిన జావేద్ అబిదీ పట్టుబట్టి సాధించిన పని అది. కట్టడానికి ఒక్క మేకు కొట్టకుండా వేసి తీసెయ్యగల ర్యాంపులు. పెద్ద శాస్త్రవేత్త వస్తే వెయ్యగలిగినది, మామూలు యాత్రికుడు వస్తే వెయ్యలేమా? గుళ్ళో చక్రాల కుర్చీకి అభ్యంతరం ఉన్నచోట, దేవస్థానమే శుభ్రమైన కుర్చీలు లోపల ఉంచి వాకిట్లో మార్చుకునే ఏర్పాటు చెయ్యవచ్చు.

దివ్యాంగులంటే చక్రాల కుర్చీ ఒక్కటే మన కళ్ళకు కడుతుంది. చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు మందగించినవారికి మెట్టు అంచున ఒక పసుపు గీత ఎంత ఉపకారమో, దానికి అయ్యే ఖర్చు ఒక చిన్న రంగు డబ్బా. ఆసుపత్రిలో పేరు పెట్టి కేకేస్తే వినపడని మనిషి తన వంతు పోగొట్టుకుని సాయంత్రందాకా కూర్చుంటాడు. గోడమీద నంబరు కనిపిస్తే ఆ బాధ ఉండదు.

ఇక ఇల్లు. నా మనసు ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఎందుకంటే మనిషి గుడికి పోవాలన్నా, బ్యాంకుకు పోవాలన్నా ముందు తన వాకిలి దాటాలి. చట్టం ఇంటి వాకిట్లో ఆగిపోతుంది. సొంత ఇంట్లో గడప ఎత్తు ఎంత ఉండాలో అది చెప్పదు.

ప్రొద్దుటూరు పక్కన పల్లెలో మా పెద్దమ్మది పాత మిద్దె. వీధిలోకి రెండు తిన్నెలు, మధ్యలో మూడు మెట్లు, మూడంగుళాల గడప, మరుగుదొడ్డి వెనక దొడ్లో. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయాక ఆమె నడింట్లో మంచానికి పరిమితమైంది. ఆమె అడిగింది ఒక్కటే, పొద్దు వాలాక తిన్నె మీద కూర్చోవాలని. ఇంట్లో అందరూ ఎత్తుకుని కూర్చోబెడతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నేనేమన్నా మూటనా?" అంది. చివరికి బేల్దారి మేస్త్రీని పిలిచి ఆమెనే అడిగాం, ఎక్కడేం కావాలని. ఆమె చెప్పినవి మాకెవ్వరికీ తోచనివి. మేము కుడిచేతి వైపు ఒక్క కడ్డీ పెడితే చాలనుకున్నాం, ఆమెకు పనిచేసేది కుడిచెయ్యే కదా అని. "పోయేటప్పుడు కుడిపక్క ఉంటాది సరే, వచ్చేటప్పుడు అది ఎడంపక్క కాదా?" అంది. రెండు పక్కలా పెట్టించాం. వెల్డింగు షాపులో జీఐ పైపు కోసి, వంచి, గోడకు బిగించారు. పసుపు కుంకుమ పెట్టే గడప తీసెయ్యడానికి ఆమె మనసు రాలేదు. గడపను అలాగే ఉంచి ఇటు మూడడుగులు, అటు మూడడుగులు చెక్కతో వాలు దించాడు వడ్రంగి. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి పడిపోతే ఆ తలుపు తెరవడానికే వీలుండదు, పడిన మనిషే అడ్డం. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేశారు. కూర్చునే బేసిను పెట్టించి, పక్కన ఒక పైపు ముక్క. ఇంజినీరు రాలేదు, ఏ కొలతల పుస్తకమూ తెరవలేదు. వాడుకునే మనిషిని ముందు అడిగాం, అంతే.

ఇది సొంత ఇల్లు, చేతిలో కాస్త డబ్బు ఉన్నవాళ్ళ సంగతి. ప్రభుత్వ కాలనీల్లో లెక్క చూడండి. గృహ పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలని చట్టంలోని 37వ సెక్షన్ చెబుతుంది, అందులోనూ ఆడవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. కేటాయిస్తారు. ఇంటి నమూనా మాత్రం అందరికీ ఒకటే. 2020 చివర మన రాష్ట్రంలో పంచిన పట్టాలు పల్లెల్లో ఒకటిన్నర సెంటు. చదరంగా ఉందనుకుంటే పక్కకు పాతిక అడుగులు. వాననీళ్ళు రాకుండా పునాది రెండడుగులు లేపితే ర్యాంపుకు 24 అడుగులు కావాలి. అంటే స్థలం పొడవంతా ర్యాంపే. ఆ స్థలంలోనే ఇల్లు, మరుగుదొడ్డి, ముందు మురుగు కాలువ. ఇల్లు వచ్చింది, ఇంట్లోకి పోవడానికి దారి రాలేదు. ఇలాంటివారికి కాలనీలో మూల స్థలం ఇస్తే, లేదా వాననీళ్ళు చేరని మెరక స్థలం ఇస్తే సగం సమస్య పోతుంది. ఇప్పటికే కట్టేసిన చోట గోడ వెంబడి మూల తిప్పి వాలు కట్టాలి, కాలువ మీద బండ వెయ్యాలి, స్నానాల గది తలుపు మార్చాలి. వీటికి ప్రభుత్వం విడిగా సొమ్ము ఇవ్వాలని నా అభిప్రాయం. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది, అది తిండికీ మందులకూ సరిపోతుంది, బేల్దారికి మిగలదు. ఇంగ్లండులో ఇంటి మార్పుల కోసమే 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఉంది. అద్దె ఇంట్లో ఉండే దివ్యాంగుడు తన ఖర్చుతో కడ్డీ బిగించుకుంటానంటే ఇంటి యజమాని కాదనకూడదని అమెరికాలో 1988 నుంచే చట్టం ఉంది. మన చట్టంలో అద్దెదారుకు అలాంటి వాక్యం లేదు. ప్రొద్దుటూరులోనో కడపలోనో అద్దెకున్న దివ్యాంగుడు గోడకు రెండు మేకులు కొట్టడానికి యజమానిని బతిమాలుకోవాల్సిందే. ఇళ్ళు అద్దెకిచ్చే శ్రోతలు ఎవరైనా వింటుంటే వాళ్ళను అడుగుతున్నాను: అడిగినప్పుడు ఒప్పుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రం పూడ్చడానికి ఒక గుప్పెడు సిమెంటు చాలు.

ఇప్పుడు వింటున్న దివ్యాంగులకూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. ఏదైనా భవనంలోకి పోలేక వెనక్కి వచ్చారంటే ఊరుకోకండి. అర్జీ రాయండి. "ఇబ్బందిగా ఉంది" అని రాస్తే అది ఫైల్లో పడి ఉంటుంది. కొలతలతో రాయండి: మెట్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలు, ర్యాంపు ఉంటే దాని పొడవెంత, తలుపు వెడల్పు మూడడుగులు ఉందా లేదా, మరుగుదొడ్డి ఎంత దూరం, లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును ఉందా. కొలవడం చేతకాకపోతే మీ గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉంటారు, ఆయన్ను అడగండి. ఫొటో జతచెయ్యండి. దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ అని అర్జీలో తప్పకుండా రాయండి. మొదట ఆ భవనం యజమానికి, గుడి అయితే కార్యనిర్వహణాధికారికి, బ్యాంకు అయితే మేనేజరుకు ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడా పని కాకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు, విచారణ జరపడానికి ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి. ఫోనులో సుగమ్య భారత్ యాప్ ఉంటే ఫొటో దానిలోనూ పెట్టొచ్చు. ఇచ్చిన ప్రతిచోటా రశీదు తీసుకుని, నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. పైవాళ్ళకు రాసేటప్పుడు మొట్టమొదట అడిగేది ఆ నంబరే.